సగటు మార్కులు దాచిపెట్టే చదువు

పేరున్న విశ్వవిద్యాలయాల ప్రవేశ ప్రకటనలు వెలువడగానే విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: ‘‘మేడమ్, నా సీజీపీఏ తక్కువ. అప్లై చెయ్యమంటారా?’’ అడిగేవారిలో ఎక్కువమంది తమ ఇంట్లో తొలిసారి కాలేజీ గడప తొక్కినవారు. చాలామందికి అర్హత ఉంది. అయినా ఫారం నింపకముందే తమను తామే తిరస్కరించుకుంటున్నారు. మన తలుపు మనచేతే మూయించడం కులవ్యవస్థకు ఎప్పటినుంచో వచ్చిన విద్య.

ఈ ‘తక్కువ’ ఏమిటో లెక్కవేసి చూద్దాం. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు మీడియం డిగ్రీలో చేరిన అమ్మాయికి ఆరు సెమిస్టర్లలో వరుసగా 5.4, 5.8, 6.8, 7.6, 8.0, 8.4 వచ్చాయనుకుందాం. సగటు 7.0. ఇవే అంకెలను తిరగేయండి. 8.4తో మొదలై 5.4కు జారిన విద్యార్థి సగటు కూడా 7.0. ఒకరు ఎక్కుతున్నారు, ఇంకొకరు దిగుతున్నారు. సగటుకు ఇద్దరూ ఒకటే. మొదటి ఏడాదంతా పాఠం చెప్పే భాషను అందుకోవడానికే ఆమెకు సరిపోయిందని ఆ అంకె చెప్పదు. స్కాలర్‌షిప్ ఆలస్యమై పరీక్షల ముందు పనికి వెళ్లిన రోజులూ అందులో కనబడవు. ఇంట్లో ఇంగ్లీషు, చేతిలో పుస్తకాలు, పక్కన ట్యూషన్ ఉన్నవారి మార్కులకూ ఈమె మార్కులకూ ఒకే గీత గీసి, దానికి ‘మెరిట్’ అని పేరుపెడుతున్నాం.

బాబాసాహెబ్ 1907లో మెట్రిక్ పాసైనప్పుడు ఆయనకు వచ్చినవి 750కి 282 మార్కులు. ఆనాడు మార్కులు వేసే పద్ధతి వేరు కాబట్టి ఇవాళ్టి శాతాలతో నేరుగా పోల్చలేం. ఒక మహర్ కుర్రాడు మెట్రిక్ దాటడమే గొప్పని ఆయనకు సన్మానసభ జరిగింది. ఆ తర్వాత బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆర్థిక సాయం చేశారు. 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1923లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి డి.ఎస్సీ. పొందారు. 1907కీ 1913కీ మధ్య ఆయన తెలివి మారిపోలేదు. ఫీజు కట్టే చెయ్యి దొరికింది, చదువుకునే చోటు దొరికింది. ఇవాళ ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లల కోసమే ఉన్న నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. ఆ పిల్లలు ఎక్కడి నుంచి వస్తారో తెలిసి పెట్టిన పథకమే ముందుగా శాతం అడుగుతోంది.

అయితే మార్కులు పక్కనపెట్టి మనిషిని చూడాలనే మాటను కూడా నేను అనుమానంగానే వింటాను. మన దేశంలో మనిషిని చూడటమంటే ఇంటర్వ్యూ. అక్కడ ఇంటిపేరు, ఊరు, ఉచ్చారణ ముందుగా మాట్లాడతాయి. జేఎన్‌యూలో 2016లో నివేదిక ఇచ్చిన అబ్దుల్ నఫే కమిటీ రాతపరీక్ష మార్కులనూ ఇంటర్వ్యూ మార్కులనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ రెండింటి మధ్య తేడా సామాజిక వర్గాలవారీగా కనిపిస్తోందని, ఇది వివక్షను సూచిస్తోందని తేల్చింది. ఇంటర్వ్యూ వాటాను 30 నుంచి 15కు తగ్గిస్తే వివక్ష తగ్గుతుందని చెప్పింది. అదే ఏడాది యూజీసీ నిబంధనలు ఎదురుదారి పట్టాయి. రాతపరీక్షను కేవలం అర్హతగా మార్చి, ఎంపికను ఇంటర్వ్యూకే వదిలేశాయి. విద్యార్థులు పోరాడాక 2018లో 70:30కి వచ్చారు. 2022 నిబంధనల్లోనూ ప్రవేశపరీక్ష ద్వారా జరిగే ఎంపికలో ఇంటర్వ్యూ వాటా 30 శాతమే.

కాబట్టి సగటు చేసే అన్యాయాన్ని ప్రొఫెసర్ల దయ సరిదిద్దలేదు. నియమమే సరిదిద్దాలి. దానికి నమూనా మన దగ్గరే ఉండేది. వెనుకబడిన జిల్లాల నుంచి వచ్చినవారికి, మహిళలకు జేఎన్‌యూ డిప్రైవేషన్ పాయింట్లు కలిపేది. ఎవరి ముఖం చూసో వేసే మార్కులు కావవి. అందరికీ ముందే తెలిసిన లెక్క. 2017లో ఎం.ఫిల్., పీహెచ్.డీ. ప్రవేశాల్లో వాటిని తీసేశారు. రిజర్వేషన్ సీటును తాకకుండానే అలాంటి పాయింట్లను ప్రతి కేంద్ర విశ్వవిద్యాలయంలో పెట్టవచ్చు. మొదటితరం విద్యార్థికీ, మాతృభాషా మాధ్యమం నుంచి వచ్చినవారికీ వాటిని విస్తరించవచ్చు. సగటుతోపాటు చివరి రెండేళ్ల మార్కులను విడిగా లెక్కించవచ్చు. రాతపరీక్ష, ఇంటర్వ్యూ మార్కులను వర్గాలవారీగా బయటపెట్టాలి. దాచడానికి ఏమీ లేని సంస్థకు ఇందులో కష్టమేముంది?

ఈ మార్పులు వచ్చేదాకా ఆగమని నా విద్యార్థులకు చెప్పను. ముందు నిబంధన చదవండి. పీహెచ్.డీ.కి పీజీలో 55 శాతం అడిగే చోట ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, వికలాంగ విద్యార్థులకు 5 శాతం సడలింపు ఉంది. అది దయ కాదు, హక్కు. వ్యక్తిగత ప్రకటన అడిగినచోట జాలికథ రాయొద్దు. సెమిస్టర్లవారీగా అంకెలు పెట్టండి, ఏ ఏడాది ఏం మారిందో రెండు వాక్యాల్లో చెప్పండి. మిగతా పేజీ అంతా మీరు అడగదలచిన ప్రశ్నకు, చేసిన పనికి ఇవ్వండి. సిఫారసు లేఖ రాసే అధ్యాపకులకు ఆ అంకెలు ముందే చేర్చండి. తోటి అధ్యాపకులకు నా విన్నపం కూడా ఇదే: ‘క్రమశిక్షణ గల విద్యార్థి’ అన్న అరిగిపోయిన మాట మాని, 5.4 నుంచి 8.4కు ఎలా వచ్చిందో రాయండి.

తిరస్కరించే పని ఆ సంస్థదే. ఆ పని అదే చేయనివ్వండి, కాగితం మీద, కారణంతో సహా. మన వంతు ఫారం నింపడం.