పాత కారునకు అయిదవ గేరు

పాత కారునకు కొత్త గేర్‌బాక్సు అమర్చుట అపచారమని కొందరు పెద్దల వాదము. కర్మాగారము నుండి వెలువడిన నాడు ఏ మర బిగించియుండెనో ఆ మరయే కడవరకు నిలువవలెననియు, ఒక్క బోల్టు మార్చినను ఆ వాహనము మైలపడుననియు వారందురు. ఆ మాటలోని భక్తిని మేము గౌరవింతుము గాని దానితో ఏకీభవింపజాలము. అట్లని గ్యాసు కట్టరు చేతబట్టి, నేలరేకును కోసి, దొరికిన గేర్‌బాక్సును దొరికిన చోట ఇరికించు ఉత్సాహవంతుల పక్షమునను మేము నిలువము. మన కళాశాల పత్రికలో ఈ ప్రస్తావన ఏలయని పాఠకులు అడుగవచ్చును. మన పట్టణములలో మోటారు షెడ్డు ఎన్ని కుటుంబములకు అన్నము పెట్టినదో, ఆ విద్య ఎందరు ఉస్తాదుల చేతులలో పెరిగినదో ఎరిగినవారికి ఇది పరాయి విషయము కాదు.

మొదట అయిదవ గేరు చేయు పని యేమో చూతము. పాత కార్లలో చాలవాటికి నాలుగు గేర్లే. నాలుగవ గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగిన, వెనుక ఇరుసునకు పోవు ప్రొపెల్లరు షాఫ్టు గూడ ఒక చుట్టే తిరుగును. ఆపైన వేగము కావలెనన్న ఇంజనే మరింత వడిగా తిరుగవలెను, వేరు దారి లేదు. అయిదవ గేరు ఉన్నచో ఇంజను ఒక చుట్టు పూర్తి చేయకమునుపే షాఫ్టు తన చుట్టును ముగించును. బ్రిటనులో ఇట్టి మార్పులకు విరివిగా వాడుకలోనికి వచ్చిన ఫోర్డు వారి ‘టైప్ 9’ గేర్‌బాక్సులో అయిదవ గేరు నిష్పత్తి 0.82. అనగా నాలుగవ గేరులో నిమిషమునకు 4000 చుట్లు తిరుగు ఇంజను, అదే వేగమున పోవుటకు అయిదవ గేరులో 3280 చుట్లు తిరిగిన చాలును. నిమిషమునకు 720 చుట్లు మిగిలినవి. గంటసేపటి ప్రయాణములో 43,200 చుట్లు. ఆ మిగులు పిస్టనులకు, బేరింగులకు, లోపల కూర్చున్న వారి చెవులకు గూడ చెందును. పెట్రోలు ఆదా అగుననుమాట నిజమే గాని, ఆ ఆదా కొరకే ఈ పనికి పూనుకొనువాడు లెక్క సరిగా వేసినవాడు కాడు. ఆ సొమ్ము చేతికి తిరిగి వచ్చునప్పటికి సంవత్సరములు గడచిపోవును.

మరి ఈ అవసరము ఎట్లు పుట్టినది? దారి మారినది. మన అంబాసిడరునకు మూలమైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు 1956లో వెలువడినప్పుడు ఆ కారు పుట్టిన దేశములోనే మోటర్‌వే అనునది లేదు. ప్రెస్టను పట్టణము చెంత మొదటి తునకను 1958లో తెరచిరి. గంటల తరబడి ఒకే వడితో పోవు ప్రయాణము ఆనాటి రూపకర్తల మనస్సులో లేదు. నేడు హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఉన్నది. అందు వడిగల వరుసలలో 120 కిలోమీటర్ల వరకు అనుమతి గలదు. ఆ వేగము పాత కారునకు అక్కరలేదు, తగదు గూడ. అయితే 80 కిలోమీటర్ల వద్ద గొంతు చించుకొనకుండ, వెనుకవచ్చు వారికి అడ్డుగాకుండ పోగలుగుట తగును. అది చేతగాని కారును యజమాని మెల్లమెల్లగా దారికి తీయుట మానును. తీయని కారు షెడ్డులో తుప్పు పట్టును. అసలుదనమును కాపాడవలెనని పట్టుబట్టు మిత్రులు ఈ చావును లెక్కలో వేయుట లేదని మా ఫిర్యాదు.

అసలుదనమన్న ఏనాటి అసలుదనము? ఉత్తరపారా కర్మాగారములో 1957లో ఆరంభమై 2014 మే నెలలో నిలిచిపోయిన అంబాసిడరు చరిత్రనే చూడుడు. తొలుత వచ్చిన పక్కవాల్వుల ఇంజనును తీసి 1959లో 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజనును పెట్టిరి. 1990ల తొలినాళ్లలో జపాను వారి ఇసుజు ఇంజనును, దానితోపాటు నేలగేరు గల అయిదు గేర్ల బాక్సును ఆ కర్మాగారమే అమర్చినది. దేహము అదే, ముక్కు కొంచెము మారినది, అంతే. తయారు చేసినవాడే చేసిన పనిని ఉస్తాదు చేసినచో అపచారమెట్లగును? బ్రిటనులోనైనను అదనపు గేరు కొత్త ఆలోచన కాదు. లేకాక్–డి నార్మన్‌విల్ ఓవర్‌డ్రైవు అను యంత్రమును గేర్‌బాక్సు వెనుక తగిలించి అమ్ముట 1940ల చివరనే మొదలైనది. 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. కారును కొందరు ఓవర్‌డ్రైవుతో కొనిరి, కొందరు లేకుండ కొనిరి. ఇరువురివియు అసలు కార్లే.

పాత బాక్సులలో మరియొక బాధ గలదు. మొదటి గేరునకు సింక్రోమెష్ లేదు. బండి కదలుచుండగా మొదటి గేరు వేయబోయిన పండ్లు నూరినట్లు కఱకఱలాడును. క్లచ్చును రెండుమారులు త్రొక్కి, నడుమ యాక్సిలరేటరు నొక్కి, చెవితో విని వేయగల నేర్పరులు ఒకప్పుడు ప్రతి టాక్సీ స్టాండులోను ఉండిరి. ఆ నేర్పు గొప్పదే. దానిని నేర్వనివాడు పాత కారు నడుపరాదనుట మాత్రము, బావినుండి చేదుకొననివాడు నీరు త్రాగరాదనినట్లున్నది.

ఇక పని సంగతి. టైప్ 9 అను బాక్సు 1982లో వచ్చిన ఫోర్డు సియెరాలో పేరు పొందినది. దానిని ఎం.జి.బి.కి అమర్చుట బ్రిటనులో పరిపాటియైనది గనుకను, ఎం.జి.బి. ఇంజను మన అంబాసిడరు పాత ఇంజనునకు సోదరుడే గనుకను ఆ ఉదాహరణను చెప్పుకొందము. గేర్‌బాక్సును ఇంజనుకు కలుపు గంటాకారపు తొడుగు బోల్టు రంధ్రములు రెండింటికి సరిపడవు. కావున నడుమ అల్యూమినియము పోతముక్క కావలెను. ఆ ముక్క మధ్యబిందువు ఇంజను క్రాంకుషాఫ్టు మధ్యబిందువుతో కలిసి తీరవలెను. వెంట్రుక మందము తేడా ఉన్నను తొలినాడు ఏమియు తెలియదు; కొన్ని వేల కిలోమీటర్ల పిమ్మట బేరింగు ఏడ్చును. లేత్ మిషను మీద ఈ ముక్కను త్రిప్పు కార్మికుని చేతిలోనే సగము పని ఉన్నదని మా నమ్మకము. గేర్‌బాక్సు ముందు షాఫ్టు కొన క్రాంకుషాఫ్టు చివర కూర్చుండు బుష్షును కొత్త కొలతకు చేయించవలెను. క్లచ్చుప్లేటు వెడల్పు పాత ఇంజనునకును, నడిమి గాడులు కొత్త బాక్సునకును సరిపోవలెను. ప్రొపెల్లరు షాఫ్టు పొడవు మారును. దానిని కోసి అతికించుట ఏ వెల్డరైనను చేయును. అతికించిన పిదప తూకము చూచి బ్యాలెన్సు చేయువారు అరుదు. ఆ ఒక్క పనిని ఎగవేసిన కారు 70 దాటగానే నేలంతయు వణకును. వెల్డు విడిపోయినచో తిరుగుచున్న ఇనుప గొట్టము కూర్చున్నవారి కాళ్ల క్రిందనే ఉన్నదని మరువరాదు.

చిన్న విషయములు గూడ చిన్నవి కావు. వేగము చూపు ముల్లు గేర్‌బాక్సు నుండియే నడచును గనుక, కొత్త బాక్సుతో ఆ ముల్లు అబద్ధమాడును. దానిని సరిచేయింపనివాడు తన వేగము తనకు తెలియక నడుపుచున్నాడు. ఎం.జి.బి. పాత బాక్సు ఇంజనాయిలునే త్రాగును; కొత్తది గేరాయిలు కోరును. టైప్ 9లో మొదటి గేరు 3.65, రెండవది 1.97. ఈ రెంటి నడుమ ఎడము పెద్దది. మెట్లలో ఒక మెట్టు లేనట్లుండును. అందుచేతనే కొందరు మొదటి గేరును మార్పించుకొనుచున్నారు. వీనినన్నిటిని ముందే చెప్పు ఉస్తాదును నమ్మవచ్చును. ‘సాయంత్రమునకు బండి తీసికొనిపొండు, సాబ్’ అనువానికి తాళము చేతి ఈయరాదు.

ఎం.జి.బి. విషయమున మా మనస్సు నిస్సందేహముగా ఉన్నది. దాని గేరుకడ్డీ మొదటినుండియు నేలమీదనే గలదు, మార్పు జరిగినను కంటికి కనబడదు. మన పాత అంబాసిడరు సంగతి అట్లు కాదు. దాని గేరుకడ్డీ స్టీరింగు ప్రక్కన ఉండును. ముందు భాగమున ఒకే పొడవాటి సీటు. డ్రైవరుతో కలిపి ముగ్గురు కూర్చుండిరి, పెండ్లిండ్లకు నలుగురును కూర్చుండిరి. నేలగేరు పెట్టవలెనన్న రేకునకు రంధ్రము చేయవలెను, ఆ నడిమి మనిషి స్థలము పోవును, స్టీరింగు ప్రక్కన చేయి వేయు అలవాటు పోవును. ఆ కారు స్వభావములో పెద్దపాలు అందే ఉన్నదని మేము తలంతుము. కావున పట్టణములోనే తిరుగు స్టీరింగు గేరు అంబాసిడరును అట్లే ఉండనిండని మా సలహా. దూరప్రయాణములు తప్పనివారు చేయించుకొనదలచినచో, తుక్కునకు పోవుచున్న ఇసుజు అంబాసిడరు బాక్సునే వెదుకుట మేలు. అది అదే దేహము క్రింద కూర్చుండుటకు ఒకమారు నేర్చినది. పాత ఇంజనుతో దానిని జతపరచుటకు నడిమి పోతముక్క తప్పదు. ఇక చౌమహల్లా ప్యాలెసులోని నిజాము పసుపుపచ్చ రోల్స్ రాయిస్ వంటి వానికి ఈ చర్చయే వర్తింపదు. అవి చూచుటకు ఉన్నవి.

చట్టము సంగతియు తెలిసికొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నమోదు పత్రములోని వివరములు తయారీదారు ఇచ్చినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిగా నొక్కిచెప్పినది. నమోదు పత్రములో ఇంజను నంబరు, చాసిస్ నంబరు, సి.సి. ఉండును, గేర్ల సంఖ్య ఉండదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము 50 ఏండ్లు దాటిన వాహనములకు ‘వి.ఎ.’ అక్షరములతో వేరు నంబరు నిచ్చు నియమములు చేసినది. చాసిస్, పైదేహము, ఇంజను మార్చిన వాహనము వానికి అర్హము కాదు. గేర్‌బాక్సు పేరు అందును లేదు. బ్రిటనులో మాత్రము, రూపము బాగుగా మార్చిన కార్ల విషయమున అనేక సంవత్సరములు పాటించిన లెక్కలో పాత ఇంజను నిలుపుకొన్నవానికి 1 మార్కు, పాత గేర్‌బాక్సు నిలుపుకొన్నవానికి 2 మార్కులు ఇచ్చిరి! మన నియమములు మౌనముగా ఉన్నచోట యజమాని రవాణా కార్యాలయములో ముందుగా అడిగి, బీమా సంస్థకు వ్రాతపూర్వకముగా తెలుపుట మంచిది. ప్రమాదము జరిగిన పిమ్మట తెలుపుట వలన ఉపయోగము లేదు.

ఇంత వ్రాయుచున్నను మా మనస్సులో నున్న అసలు దిగులు వేరు. ఈ విద్య యావత్తు నోటిమీద నడచుచున్నది. ఉస్తాదు చెప్పును, షాగిర్దు వినును. పానా అనుమాట ఉర్దూవారిదో తెలుగువారిదో షెడ్డులో ఎవ్వరును అడుగరు. సింక్రో, బుష్షు, గ్యాస్కెటు అను ఇంగ్లీషు మాటలకు తెలుగు ప్రత్యయములు, ఉర్దూ క్రియలు తగిలి ఒక భాష తయారైనది. ఆ భాషలో ఏ కొలత ఎంతయో తెలిసిన చేతులు వృద్ధమగుచున్నవి. వారి కుమారులు కంప్యూటరు పెట్టి దోషము చూచు కొత్త బండ్ల వైపు పోయిరి. అది వారి తప్పు కాదు, అన్నము అచ్చటనే ఉన్నది. మన విద్యార్థులలో యంత్రశాస్త్రము చదువువారు ఒక్క వేసవి సెలవులలో ఒక్క ఉస్తాదు వద్ద కూర్చుండి, ఒక్క గేర్‌బాక్సు మార్పును కొలతలతో, పటములతో, తెలుగున ఒకరు, ఉర్దూన ఒకరు వ్రాసికొన్నచో వచ్చు సంచికకు ఈ వ్యాసము కంటె విలువైన వ్యాసము దొరకును.

చేయించువారికి మా విన్నపములు మూడు. బ్రేకులను ముందు చూపించుకొనుడు. పాత అంబాసిడరునకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే, అయిదవ గేరు వానికి బలమునీయదు. ఏది చేసినను మరల విప్పుటకు వీలుగా చేయింపుడు. బోల్టుతో అగుపనికి వెల్డింగు వద్దు, రంధ్రముతో అగుపనికి కోత వద్దు. తీసిన పాత బాక్సును తుక్కువానికి అమ్మకుడు. లోపల నూనె పోసి, మూతులు గుడ్డతో బిగించి, ఏ కారుదో, ఏ తేదీన తీసితిరో చీటి వ్రాసి కట్టి, తడి తగలని మూలలో చెక్కమీద పెట్టుడు. దానితో బాటు పాత క్లచ్చుప్లేటును, కోయని ప్రొపెల్లరు షాఫ్టును గూడ పెట్టుడు. అందుకే షాఫ్టును కోయించుట కంటె తుక్కులో మరియొకటి వెదకి దానిని కోయించుట చవుక.