నొప్పి నాది, జవాబు ఆయనదా?

మొన్నామధ్య అర్ధరాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే మావారు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. క్యాజువాలిటీలో వైద్యం ఆలస్యం కాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ స్పృహలోనే ఉన్న నన్ను ఒక్కరూ పలకరించలేదు. నొప్పి ఎప్పట్నుంచి, నెలసరి ఎప్పుడొచ్చింది... అన్నీ ఆయన్నే అడిగారు. పాపం, ఆయనకేం తెలుసు? నోటికొచ్చిన తేదీ చెప్పేశారు. పడని మందులేమైనా ఉన్నాయా అంటే "అలాంటివేం లేవండీ" అనేశారు.

సిస్టర్ సూది తెచ్చాక ఓపిక కూడదీసుకుని అదేం మందని అడిగాను. "యాంపిసిలిన్" అంది. గుండె గుభేలుమంది! పెళ్లికి ముందు ఆ మందే పడక, ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. నేను అడక్కపోయుంటే?

రాత్రంతా నిలబడి పనిచేసేవాళ్ల మీద కోపం లేదు. కానీ ఆమె సంగతి ఆమెనే అడగడానికి అరనిమిషం చాలు కదా! మత్తులో ఉన్న కూతురికి, ప్రాణం మీదికి రాని ఆపరేషన్ కోసం తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి మెలకువగా ఉన్న నా నోరు ఏమైనట్టు?

పడని మందుల పేర్లు చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుందాం. ఇంట్లోవాళ్లకీ చెబుదాం. "నన్నే అడగండి" అనడానికి మాత్రం మొహమాటపడొద్దు.