మానని కాలిపుండు, మరచిన మూత్రపరీక్ష

హిందూపురం, మదనపల్లె, కుప్పం ప్రాంతాలవారికి పెద్ద వైద్యమంటే బెంగళూరే. కాలిపుండుతో అక్కడికి చేరేవారిలో ఎక్కువమందికి మూలం మధుమేహమో, ఉబ్బిన సిరలో. ఆ అలవాటైన సమాధానమే కొందరి పాలిట శాపమవుతోంది.

రక్తనాళాల గోడలు వాచే జబ్బును వాస్కులైటిస్ అంటారు. రోగనిరోధక శక్తి దారితప్పి సొంత నాళాలపైనే దాడిచేయగా, మార్గం ఇరుకై, రక్తమందని చర్మం కమిలి పుండుపడుతుంది. చుట్టూ ఊదారంగు మచ్చలు, వలవంటి చారలు, పాదంలో తిమ్మిరి, విడవని జ్వరం తోడైతే కట్లు మార్చుకుంటూ కాలక్షేపం చేయరాదు. చర్మంపై కనబడినదే మూత్రపిండాల్లోనూ సాగుతూ ఉండవచ్చు. అవి నొప్పితో హెచ్చరించవు. మూత్రంలో రక్తం, ప్రోటీను చూసే పరీక్షకు బెంగళూరు బస్సెక్కనక్కరలేదు. చౌకైన ఆ పరీక్షే తరచు మరుగున పడడం విచారకరం.

నిర్ధారణకు పుండు అంచునుంచి కొవ్వుపొర దాకా లోతుగా ముక్క తీయాలి. పైపైన తీస్తే మధ్యరకం నాళాలు చిక్కవు. ముందే స్టెరాయిడ్ మాత్రలు మింగించి పంపితే ఆనవాళ్ళు చెదిరిపోవచ్చు. కుష్ఠువ్యాధి కాదని తేల్చుకోవలసిందీ ఆ ముక్కలోనే.

పసితనంలోనే ఇటువంటి మచ్చలతోపాటు పక్షవాతం వస్తే ఏడీఏ2 అనే ఎంజైము లోపాన్ని అనుమానించాలి. ఈ జన్యుదోషం 2014లోనే వెలుగుచూసింది. భారతీయ రోగుల వివరాలు 2021లో ప్రచురితమయ్యాయి. టీఎన్‌ఎఫ్ నిరోధక మందులు సకాలంలో అందితే ఆ పిల్లల్లో మళ్ళీ పక్షవాతం రాకుండా చాలావరకు ఆపవచ్చు.