లాభమా, వడ్డీయా? మాటల వెనుక అర్థం

గల్ఫ్ ఎండల్లో పనిచేసే కొడుకు పంపిన సొమ్ము, పదవీ విరమణ నాడు తండ్రి చేతికి అందిన మొత్తం, కూతురి పెళ్లి కోసం తల్లి దాచిన డబ్బు... మన కుటుంబాల పొదుపు చాలావరకు ఇలా కూడినదే. దాన్ని ఇతరులకు అప్పగించే ముందు వారు వాడే మాటలకు అర్థం తెలుసుకోవడం మన బాధ్యత. అందుకు ప్రతి మాట దగ్గరా ఒక ప్రశ్న వేసుకుందాం: నష్టం వస్తే భరించేది ఎవరు?

ఫిక్స్‌డ్ డిపాజిట్: ఇది మనం బ్యాంకుకు ఇచ్చే అప్పు. బ్యాంకుకు లాభం వచ్చినా, నష్టం వచ్చినా ముందు ఒప్పుకున్న రేటు ప్రకారం మనకు చెల్లించాలి. అసలుపై వచ్చే ఆ అదనపు మొత్తమే వడ్డీ. దానికి ‘రాబడి’ అని పేరు మార్చినంత మాత్రాన స్వభావం మారదు. బాండ్లు, డిబెంచర్ల వడ్డీ కూడా ఇటువంటిదే.

షేరు: కంపెనీ యాజమాన్యంలో ఒక చిన్న భాగం. కంపెనీ తన లాభంలోంచి పంచేది డివిడెండు. ప్రతి ఏటా పంచి తీరాలన్న నియమం లేదు. షేరు ధర పడిపోతే ఆ నష్టం మనదే. భాగస్వాములం కాబట్టి, ఆ కంపెనీ చేసే వ్యాపారం ఏమిటో, దానికి వడ్డీ అప్పులు ఎంత ఉన్నాయో చూడాలి. ఈ రెండూ పరిశీలించి ఎంపిక చేసిన కంపెనీలతో ‘నిఫ్టీ 50 షరియా’ వంటి సూచీలు మన దేశంలో ఉన్నాయి.

మ్యూచువల్ ఫండ్: అనేకుల సొమ్మును ఒకచోట చేర్చి షేర్లు, బాండ్లు మొదలైన వాటిలో పెట్టే ఏర్పాటు. ఫండ్ ఆస్తుల విలువలోంచి బాకీలు తీసివేసి, యూనిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఎన్.ఏ.వి. అది 10 రూపాయలు ఉన్న ఫండ్ చవక, 100 ఉన్నది ఖరీదు అనుకోవడం పొరపాటు. ఫండ్ సొమ్ము వేటిలో ఉందన్నదే ముఖ్యం.

ముదారబా: ఒకరిది పెట్టుబడి, మరొకరిది శ్రమ. హజ్రత్ ఖదీజా (రజి) సొమ్ముతో దైవప్రవక్త (స) సాగించిన వాణిజ్యాన్ని దీనికి ఉదాహరణగా చెబుతారు. లక్ష రూపాయలు ఇచ్చి, లాభాన్ని 60:40గా పంచుకుందామని ఒప్పుకున్నామనుకుందాం. 20 వేల లాభం వస్తే మనకు 12 వేలు, వ్యాపారికి 8 వేలు. 10 వేల నష్టం వస్తే మన చేతికి వచ్చేది 90 వేలే. వ్యాపారికి తన శ్రమ వృథా అవుతుంది. అతని మోసమో నిర్లక్ష్యమో ఉంటే మాత్రం బాధ్యత అతనిదే. ఇక్కడ ముందుగా నిర్ణయించేది నిష్పత్తిని, రూపాయలను కాదు.

ఇది తెలిస్తే ఒక పెద్ద ప్రమాదం తప్పుతుంది. “లక్షకు నెలనెలా 3 వేల హలాల్ లాభం, గ్యారంటీ” అని ఎవరైనా అంటే, ఆ మాటలోనే వైరుధ్యం ఉంది. గ్యారంటీగా వచ్చేది వ్యాపార లాభం కాదు. పైగా అది ఏడాదికి 36 శాతం! ఇటువంటి పథకాల్లో చాలాసార్లు కొత్తవారు కట్టిన సొమ్మే పాతవారికి ‘లాభం’గా చేరుతుంది. కొత్తవారు రావడం ఆగిన నాడు అసలు కూడా దక్కదు. ధార్మికమైన పేరును, బంధువుల సిఫారసును నమ్మి హైదరాబాదు, బెంగళూరు నగరాల్లో ఎన్నో కుటుంబాలు ఇలాగే నష్టపోయాయి. నియంత్రణ లేని డిపాజిట్ల సేకరణను 2019లో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. కాబట్టి సొమ్ము అడిగినవారిని సెబీ లేదా రిజర్వు బ్యాంకు వద్ద నమోదు ఉందా అని అడుగుదాం. వారు చూపిన కాగితంతో సరిపెట్టుకోక, ఆ సంస్థల వెబ్‌సైట్లలో మనమే సరిచూసుకుందాం.

దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ (2:282) అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించినది. సాక్షులను పెట్టుకోమని కూడా అందులోనే ఉంది. బంధువు ముందు కాగితం పెట్టడం అవమానమని మనం మొహమాటపడతాం. నిజానికి ఆ కాగితమే బంధుత్వాన్ని కాపాడుతుంది. ఒప్పందాన్ని ఇంట్లో భార్యాబిడ్డలకు చదివి వినిపిద్దాం. వారికి అర్థం కాని మాట ఒక్కటి ఉన్నా, దాని అర్థం తేలేవరకు సంతకం ఆపుదాం.