నీచు వాసన పోతే సరిపోతుందా?

మన ఇళ్లలో మాంసం శుభ్రతకు ఒక్కటే కొలత, నీచు వాసన. పసుపు పట్టించాం, ఉప్పేసి రుద్దాం, నిమ్మకాయ పిండాం, నీళ్లు తేటపడేదాకా అయిదుసార్లు కడిగాం. వాసన పోయింది కాబట్టి చికెన్ శుభ్రమైపోయిందనుకుంటాం. ఈ కొలతతోనే నాకు పేచీ. పచ్చి కోడిమాంసంలో తరచుగా ఉండే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ లాంటి క్రిములున్నా ముక్క రంగు మారదు, కంపు కొట్టదు. పసుపు, ఉప్పు రాసినంత మాత్రాన అవి పోవు. వాటిని చంపేది పొయ్యి మీది వేడే. ముక్క లోపలిదాకా 74 డిగ్రీల వేడి తగలాలి.

"మన కూర అరగంట కుతకుతా ఉడుకుతుంది కదా, ఇంక క్రిములెక్కడుంటాయి?" అని మీరు అడగొచ్చు. నిజమే, కూరలో ఉండవు. నా భయం కూర గురించి కాదు, దాని పక్కన పెట్టుకునే పెరుగు పచ్చడి గురించి. ధారగా వదిలిన కుళాయి కింద చికెన్ కడుగుతుంటే తుంపరలు లేచి గట్టు మీదా, కడిగి బోర్లించిన గ్లాసుల మీదా, కొత్తిమీర మీదా పడతాయి. అదే చేత్తో ఉప్పు డబ్బా మూత తీస్తాం. ముక్కలు కోసిన చాకును నీళ్లతో తొలిచి ఉల్లిపాయలు తరుగుతాం. ఆ ఉల్లిపాయలు పొయ్యి ఎక్కవు, నేరుగా పెరుగులో పడతాయి.

మాంసానికి వేరే గిన్నె, వేరే గరిటె పెట్టుకునే ఇళ్లు మనలో ఎన్నో. మడి పేరుతో వండిన కూరకు వేరు పెట్టడం మనకు బాగా తెలుసు. అసలు వేరు పెట్టాల్సిందేమో పచ్చి మాంసాన్ని! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన అయిదు సూత్రాల్లో పచ్చివీ వండినవీ కలపొద్దన్నది ఒకటి. మాంసానికో చాకు, పీట విడిగా ఉంచుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అసలు కడగొద్దనే విదేశీ సలహా మనకు పూర్తిగా పనికిరాదని నాకూ తెలుసు. కొట్లో అప్పటికప్పుడు కోసిచ్చిన కోడికి ఈకల మొదళ్లు, నెత్తురు అంటుకునే వస్తాయి. అలాంటప్పుడు గిన్నెలో నీళ్లు పోసి, ముక్కలు ముంచి, నెమ్మదిగా కదిపి, చిందకుండా ఒంపేయండి. ఆపైన సింకునూ గట్టునూ చేతులనూ సబ్బుతో కడగండి. చికెన్‌ని అయిదుసార్లు కడిగే ఓపిక సింకు దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోతుందో నాకర్థం కాదు.

"మా అమ్మమ్మ ఇవన్నీ చూసిందా?" అంటారు. ఆవిడ కోడిని పెరట్లో కోయించి, పెరట్లోనే కడిగి, ఆ పూటే వండి ఆ పూటే ఖాళీ చేసేది. మనం వంటింటి సింకులో కడిగి మూడు రోజులు దాస్తున్నాం. పద్ధతి మారినప్పుడు జాగ్రత్తా మారాలి కదా! పచ్చి చికెన్ ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే ఉండాలి, అదీ మూత గట్టిగా ఉన్న డబ్బాలో, అన్నిటికన్నా కింది అరలో. లేకపోతే ఆ రసం కిందున్న పళ్ల మీదో పెరుగు మీదో కారుతుంది. ఇంకా ఉంచాలంటే ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టింది కరగాలంటే రాత్రే తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి, గట్టు మీద కాదు.

ఇదంతా ఆడవాళ్ల పని అనుకునేవాళ్లకూ ఒక మాట. ఆదివారం పొద్దున చికెన్ కవరు స్కూటర్‌కు తగిలించుకుని, దారిలో టీ తాగి, నలుగురితో కబుర్లాడి, గంటన్నరకు ఇల్లు చేరే మగవాళ్లు వంట సగం చెడగొట్టి తెస్తున్నట్టే. చికెన్ ఆఖరున కొని నేరుగా ఇంటికి రమ్మని గట్టిగా చెప్పండి. ఎవరికైనా కడుపు చెడితే "ఏం వండావు?" అని అడిగేది మనల్నే మరి!

అన్నిటికన్నా నా కోపం రాత్రి కూర మీద. మధ్యాహ్నం వేడి కూర అందరూ తింటారు. మిగిలింది పొయ్యి మీదే దబరలో సాయంత్రం దాకా ఉంటుంది. వండిన కూర బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, మన ఎండల్లో అయితే గంటే. ఉడికినా చావని బీజాలతో మిగిలే క్రిములు కొన్ని ఆ గోరువెచ్చని దబరలోనే పెరుగుతాయి. మళ్లీ మరిగిస్తే సరి అనుకోకండి. కొన్ని క్రిములు వదిలే విషం మరిగించినా విరగదు. అందుకే వెడల్పు గిన్నెల్లోకి పలచగా తీసి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో తినేయండి, తినేముందు పొగలు కక్కేలా వేడిచేయండి.

ఆ రాత్రి కూర ఎవరు తింటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్లలకు కొత్తగా ఆమ్లెట్ వేసిపెట్టి, పారబోయడానికి మనసొప్పక గిన్నె ఊడ్చుకునేది మనమే. అందులో కడుపుతో ఉన్న కోడళ్లుంటారు, షుగరున్న అత్తగార్లుంటారు. ఈ జబ్బులు ఎక్కువగా పీడించేదీ అలాంటివాళ్లనే. బయటే ఉండిపోయిన కూర విలువ మహా అయితే వంద రూపాయలు. దానికోసం మన కడుపును చెత్తబుట్ట చేసుకోవద్దు. పారబోయండి, ఎవరన్నా గొణిగితే గొణగనివ్వండి.