గడియారమును దేనితో సరిచూతుము?

పాఠశాల గంట మ్రోగినతోడనే పాఠము మాఱును. గంట కొట్టువాడు గోడగడియారమును చూచి కొట్టును. ఆ గడియారము తప్పినచో మఱియొక గడియారముతో సరిచూచి దిద్దుదుము. ఆ రెండవదానిని దేనితో సరిచూతుము? ఒక బాలుడు తరగతిలో నీ ప్రశ్న వేసినచో, ఇది పరీక్షకు రాదని చెప్పి కూర్చుండబెట్టుట మనకు వాడుకయైనది. అట్లు కూర్చుండబెట్టుట తప్పని మా యభిప్రాయము. విజ్ఞానశాస్త్రమునకు పునాదియైన ప్రశ్నలలో నిది యొకటి.

కాలగణనములో కొంత మనుష్యుల యొడంబడిక కలదు. 1906వ సంవత్సరమున భారతదేశపు ప్రామాణికకాలము అమలులోనికి వచ్చినది. కాకినాడ సమీపమునుండి పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము దానికాధారము. అది చెన్నపట్టణపు స్థానికకాలమునకు సుమారు 9 నిమిషములు ముందు. ఆ మార్పువలన సూర్యుడేమియు త్వరపడలేదు. మనుష్యులు గడియారపు ముండ్లను త్రిప్పుకొనిరి, అంతియే. కాని యంతయు నొడంబడికయే యనుకొందుమా? ఇచ్చటనే శాస్త్రము ప్రవేశించును.

గెలీలియో పడుచువయస్సున పీసా నగరపు దేవాలయములో దీపము ఊగుచుండగా చూచి, తన నాడిని లెక్కించి, ఊపు పెద్దదైనను చిన్నదైనను పట్టు కాలమొక్కటియే యని కనుగొనెనని యొక కథ కలదు. కథ యెట్లున్నను, ఆయన లోలకమును శోధించినమాట నిజము. పిమ్మట వైద్యులు లోలకముతోనే రోగుల నాడిని కొలువసాగిరి. నాడి లోలకమునకు సాక్షి, లోలకము నాడికి సాక్షి! 1656లో హైగెన్స్ లోలకపు గడియారమును కల్పించెను. ఊపు మిక్కిలి పెద్దదైనచో కాలము కొంచె మెక్కువ పట్టునని యాయన గణితముచే నిరూపించెను. ఇట్లు గెలీలియో నియమము దిద్దబడినది గాని గెలీలియో గౌరవమునకు లోపము రాలేదు.

పూర్వము భూమియే మన పెద్ద గడియారము. ఒక దినమును 86,400 భాగములు చేసి యొక్కొక్క భాగమును సెకండనిరి. కాని 1939లో స్పెన్సర్ జోన్స్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యచంద్రులును, బుధశుక్రులును గణితము చెప్పిన స్థానములనుండి యొకే తీరున తప్పుచున్నట్లు కానవచ్చుటను చూపెను. ఆకాశమునం దందఱును ఏకమై పరుగెత్తిరా, లేక మన భూమియే మందగించినదా? సముద్రపు ఆటుపోటుల రాపిడి భూభ్రమణమును మెల్లమెల్లగా తగ్గించునని కారణము దొరకుచున్నది గనుక రెండవదియే నమ్మదగినది. దినప్రమాణము శతాబ్దమునకు సుమారు 2 మిల్లీసెకండ్లు పెరుగుచున్నది. అందువలన 1967లో సెకండును భూమినుండి తొలగించి, సీసియము పరమాణువుయొక్క ఒకానొక వికిరణము 9,192,631,770 కంపనములు చేయుటకు పట్టు కాలముగా నిర్ణయించిరి.

కొలతలలో నేది సత్యమో చెప్పుటకు వాటికి వెలుపల మఱియొక గడియారము లేదనియు, ప్రకృతి నియమములను సులభముగా తెలుపనిచ్చు కొలతనే మన మెన్నుకొందుమనియు పాంకరే అను ఫ్రెంచి పండితుడు 1898లోనే వ్రాసెను. ఈ యెన్నిక మన యిష్టానుసారమైనది కాదు. పెక్కు సాక్షులను విచారించి న్యాయాధిపతి తీర్పు చెప్పునట్టిది.

మఱి కాలమనగా నేమి? వస్తువులున్నను లేకున్నను కాలము తనంత తా నొకే తీరున సాగునని 1687లో న్యూటను తలచెను. సంఘటనల వరుస తప్ప కాలము వేఱు వస్తువు కాదని లైబ్నిజ్ వాదించెను. 1905లో ఐన్‌స్టీను, చలించువాని కాలమును నిలిచియున్నవాని కాలమును ఒక్కటి కాదనెను. ఈ మాట వినుటకు వింతయే. కాని పరీక్షకు నిలిచినది. 1971లో సీసియము గడియారములను విమానములలో నుంచి భూమిని చుట్టించిరి. తూర్పుగా పోయినవి సుమారు 59 నానోసెకండ్లు వెనుకబడెను. పడమరగా పోయినవి సుమారు 273 నానోసెకండ్లు ముందునకు వచ్చెను. నేడు మన ఫోనులకు దారి చూపు ఉపగ్రహముల గడియారములు దినమునకు సుమారు 38 మైక్రోసెకండ్లు ముందునకు పోవునని యెఱిగి ముందుగానే సవరించుచున్నారు.

న్యూటనంతటివాడు పొరబడినచో శాస్త్రమును నమ్మనేల యని కొందఱందురు. శాస్త్రము సర్వమును తేల్చివేసినది గనుక ఇంక ప్రశ్న లేదని మఱికొందఱందురు. ఇరువురును పొరబడుచున్నారు. తప్పని తేలుటకు తావిచ్చు మాటయే శాస్త్రమునకు తగిన మాటయని 1934లో కార్ల్ పాపర్ వ్రాసెను. తప్పు దిద్దుకొనుట శాస్త్రమునకు అవమానము కాదు, ప్రాణము. అట్లే గడియారము సెకండ్లను లెక్కించును గాని, ఆ సెకండ్లను దేనికి వినియోగింపవలెనో చెప్పజాలదు. ఆ ప్రశ్నకు ఉత్తరము ప్రార్థనామందిరమునను, ఇంటను, అంతరాత్మయందును వెదకవలెను. ఒకదాని పనిని మఱియొకదానిపై మోపిన రెంటికిని హాని.

కావున ఉపాధ్యాయులకు మా మనవి యిది. వారమున కొక గంట పాఠ్యపుస్తకమును మూసి, “ఇది యెట్లు తెలిసినది?” అను ప్రశ్నకు కేటాయింపుడు. ఒక మీటరు దారమునకు రాయి కట్టి యూపనిండు. నిమిషమునకు సుమారు 30 పూర్తి యూపులు వచ్చును. రాతిని మార్చినను లెక్క మాఱదు. దారమును నాలుగవవంతు చేసిన 60 వచ్చును. పిమ్మట ఆ నిమిషమును ఏ గడియారముతో కొలిచితిరని యడుగుడు. ఉత్తరము తెలియదని నిజము చెప్పిన బాలుని, తెలియకయే వల్లించిన బాలునికంటె తక్కువగా చూడకుడు.

తలిదండ్రులకును ఒక మాట. ఇంటికడ పిల్లవాడు “ఇది మీకెట్లు తెలియును?” అని యడిగినచో దానిని అవిధేయతగా నెంచవలదు. వినయముతో నడిగిన ప్రశ్న పెద్దలకు తక్కువ కాదు. ఆ ప్రశ్నను పలుమాఱు అణచినచో పిల్లవాడు అడుగుట మానును. మార్కులు వచ్చిన వచ్చుగాక, ఆ నష్టమును అవి పూడ్చజాలవు. గంట కొట్టుట తప్పక జరుగవలసినదే. దానిని దేనితో సరిచూచితిమని యడుగు బాలుడు ఒక్కడైన ప్రతి తరగతిలోను ఉండవలెనని మా కోరిక.