ఫోటోకు మంచి చోటు ఎక్కడ? ఎండను అడగండి!



ఈ రోజుల్లో ఫోటో తియ్యటం చాలా తేలిక. నాన్నగారి ఫోను అడిగి పుచ్చుకుని, వేలితో ఒకసారి తాకితే చాలు, బొమ్మ పడుతుంది. కాని అట్లా తీసిన వంద బొమ్మల్లో మళ్ళీ మళ్ళీ చూడాలనిపించేవి ఎన్ని ఉంటాయి? రెండో, మూడో! మిగిలిన వాటిలో లోపం ఫోనుది కాదు. నిలబడిన చోటుదీ, తీసిన వేళదీ.

"మా ఊళ్ళో ఫోటోకు పనికివచ్చే చోటు ఏమున్నది మాస్టారూ? సముద్రం లేదు, అడవి లేదు, ఏరు ఉన్నా అందులో నీళ్ళు లేవు" అని మా అనంతపురం జిల్లా పిల్లలు అంటూ ఉంటారు. అందుకే ఈ నెల మన ముచ్చటకు తాడిపత్రిని తీసుకుందాం. మీది ఏ ఊరైనా సరే, ఇక్కడ నేర్చుకున్నది అక్కడ పనికివస్తుంది.

తాడిపత్రి పెన్నానది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, 597 కిలోమీటర్లు ప్రయాణం చేసి, నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరుతుంది. మన జిల్లా పడమటి కనుమలకు వెనకవైపున పడింది. నైరుతి మేఘాలు తమ నీటిని చాలావరకు ఆ కనుమల మీదనే కురిపించి, తేలికపడి ఇటు వస్తాయి. అంచేత ఇక్కడ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. పెన్న కూడా ఏడాదిలో చాలా నెలలు ఒట్టి ఇసుకే. దాన్ని చూసి విచారించకండి. ఎండ ఎక్కువ, మబ్బు తక్కువ అయిన చోటు వెలుగును గురించి నేర్చుకోవటానికి మంచి బడి.

ఏటికి దక్షిణపు ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి ఆలయం ఉన్నది. బుగ్గ అంటే నీటి ఊట. లింగం దగ్గర ఊట ఊరుతూ ఉంటుంది కనక స్వామికి ఆ పేరు వచ్చింది. ఏరు ఎండినా బుగ్గ ఊరుతుందని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ఊళ్ళోనే చింతల వెంకటరమణస్వామి ఆలయం మరొకటి ఉన్నది. రెండూ విజయనగర రాజుల కాలంలో, 15వ శతాబ్దం చివరా, 16వ శతాబ్దంలోనూ, గండికోట నేలిన పెమ్మసాని నాయకులు కట్టించినవి. రామలింగేశ్వరుని గుడికి ఉత్తరాన, దక్షిణాన ఉన్న గోపురాలు పూర్తికాలేదు. పైఅంతస్తులు లేవు గాని, కట్టినంతవరకు రాతిమీద వేలెడు జాగా కూడా వదలకుండా చెక్కారు.

ఇక అసలు సంగతికి వద్దాం. మీరు ఏటి ఇసుకలో నిలబడి గుడికేసి చూస్తున్నారనుకోండి. ఏరు గుడికి ఉత్తరాన ఉన్నది గదా! అంటే మీకు కనిపించేది గుడి ఉత్తరపు ముఖం. డిసెంబరులో సెలవులకు వచ్చిన చుట్టాలబ్బాయి ఇక్కడినుంచి ఫోటో తీస్తే గోపురం నల్లగానూ, వెనక ఆకాశం తెల్లగానూ పడుతుంది. "ఫోను బాగాలేదు" అంటాడు. అదే ఫోనుతో జూన్ నెలలో తీస్తే శిల్పాలన్నీ పలకరిస్తున్నట్టుంటాయి. ఎందుకని?

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. సరిగ్గా ఒక మీటరు పొడుగున్న కర్రను చదునైన నేలమీద నిట్టనిలువుగా పాతండి. నడిమధ్యాహ్నం దాని నీడను కొలవండి. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. తాడిపత్రి 78 డిగ్రీల దగ్గర ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 18 నిమిషాల తేడా. అంచేత ఇక్కడ సూర్యుడు మిట్టకు వచ్చేది 12 గంటలకు కాదు, రమారమి పన్నెండుంబావుకు.

డిసెంబరు 22 ప్రాంతంలో ఆ నీడ ఉత్తరంగా 79 సెంటీమీటర్లు ఉంటుంది. మార్చి 21న 27 సెంటీమీటర్లకు తగ్గుతుంది. మే నెల మొదటి రోజుల్లో మాయమే అవుతుంది! సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడన్నమాట. తరవాత వింత చూడండి. జూన్ 21న నీడ 15 సెంటీమీటర్లుంటుంది గాని, ఈసారి దక్షిణంగా పడుతుంది. ఆగస్టు 12 ప్రాంతంలో మళ్ళీ నీడ మాయమై, ఆ తరవాత ఉత్తరానికి తిరుగుతుంది.

తాడిపత్రి భూమధ్యరేఖకు సుమారు 15 డిగ్రీలు ఉత్తరాన ఉన్నది. సూర్యుడు ఉత్తరాయణంలో 23 డిగ్రీల దాకా పైకి వచ్చి తిరిగి వెళతాడు. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి మన నెత్తిమీదుగా దాటుతాడు. రెండువేల రెండువందల ఏళ్ళకు పూర్వం ఎరటోస్తనీస్ అనే పండితుడు, ఈజిప్టులో ఒక ఊళ్ళో ఇట్లా నీడ మాయమయ్యే రోజు ఉన్నదని విని, దాని సాయంతో భూమి చుట్టుకొలతనే లెక్కగట్టాడు. మన కర్రకు అంత శక్తి ఉన్నది!

ఇప్పుడు గుడి సంగతి తేలిపోయింది. సెప్టెంబరు 23 మొదలు మార్చి 21 దాకా సూర్యుడు దక్షిణం వైపునే నడుస్తాడు. ఆ ఆరు నెలలూ ఉత్తరపు గోడమీద నేరుగా ఎండ పడదు. ఆ రోజుల్లో దక్షిణ గోపురం దగ్గరికి వెళ్ళాలి. మే, జూన్, జూలై నెలల్లో పొద్దుపొడిచింది మొదలు పొద్దుగుంకేదాకా ఎండ ఉత్తరపు గోడదే. అప్పుడు ఏటివైపు చోటు మంచిది. చోటు మారలేదు, సూర్యుడు మారాడు.

శిల్పాలను తియ్యటానికి మరొక కిటుకు ఉన్నది. రూపాయి బిళ్ళను దీపానికి ఎదురుగా పెట్టి చూడండి, బొమ్మ అంతగా తెలియదు. పక్కకు వాల్చండి, అక్షరాలు లేచి నిలబడతాయి. ఎత్తయిన భాగం పల్లపు భాగం మీద నీడ వెయ్యటమే ఇందుకు కారణం. గోడకు ఏటవాలుగా రాసుకుంటూ పోయే ఎండలోనే చెక్కడం బాగా కనిపిస్తుంది. రామలింగేశ్వరుని గుడి పడమటి ముఖం, కనక దానికి సాయంత్రపు వెలుగు మేలు. వెంకటరమణస్వామి గుడి తూర్పు ముఖం. అక్కడ గరుత్మంతునికి రథం ఆకారంలో కట్టిన రాతి మందిరం ఉన్నది. ఆ రాతిరథాన్ని చూడటానికి ఉదయం వెళ్ళండి. ఉదయ సాయంకాలాల్లో వెలుగు బంగారు రంగులో ఉంటుంది. సూర్యుడు దిగంతం దగ్గర ఉన్నప్పుడు కిరణాలు నడినెత్తిన ఉన్నప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. దారిలో నీలిరంగు చెదిరిపోయి ఎరుపు, పసుపు మిగులుతాయి.

గుళ్ళే కాదు, ఊరు బయట కూడా చోట్లు ఉన్నాయి. తాడిపత్రి బండలు దేశమంతా పేరుపడ్డవి. కోసిన బండలు వరసలుగా పేర్చిన చోట, ఏటవాలు ఎండలో గళ్ళ నీడలు పడతాయి. యజమానిని అడిగి, గేటు దగ్గర నిలబడే తియ్యండి. మిషన్ల దగ్గరికి పోవద్దు. వానలు కురిసిన ఏడు వేరుశెనగ చేలు పచ్చగా పరుచుకుంటాయి. వాన వెలిసిన మర్నాడు గాలిలో దుమ్ము అణిగి, దూరపు కొండలు కూడా దగ్గరగా ఉన్నట్టు కనబడతాయి. ఆ రోజును వదులుకోకండి.

మన తాడిపత్రిని కెమేరాకు కొత్త ఊరనుకునేరు! 1868 ప్రాంతంలోనే ఎడ్మండ్ డేవిడ్ లయన్ అనే ఆయన, మద్రాసు ప్రభుత్వం కోసం దక్షిణదేశపు పాత కట్టడాలను ఫోటోలు తీస్తూ ఇక్కడి గోపురాలను కూడా తీశాడు. ఆ కాలంలో ఎక్కువమంది వాడిన పద్ధతిలో, గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు పూసి, వెండి లవణపు నీళ్ళలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి కడగాలి. మన ఎండల్లో తడి ఎంతసేపు ఉంటుందో మీకు వేరే చెప్పాలా? చీకటి గుడారం, సీసాలు, పెట్టెలు బళ్ళకెత్తించుకుని తిరగాలి. ఒక్కొక్క బొమ్మకు అంత శ్రమ గనకనే, ముందు చోటు, వేళ చూసుకుని మరీ తీసేవారు. 1876లో జేమ్స్ ఫెర్గూసన్ అనే శిల్పశాస్త్ర చరిత్రకారుడు తన గ్రంథంలో ఈ గోపురాల పనితనాన్ని ఎంతగానో మెచ్చుకున్నాడు. నూట యాభై ఏళ్ళనాటి ఆ ఫోటోలు ఉండబట్టే, అప్పుడు ఏ రాయి ఎక్కడ ఉన్నదీ, ఇప్పుడు ఎట్లా ఉన్నదీ పోల్చి చూడగలుగుతున్నాము.

అందుకని మీకొక పని చెబుతాను. ఏటిగట్టు మీద అపాయం లేని ఒక చోటు ఎంచుకోండి. గట్టుమీది రాయో, చెట్టో గుర్తుపెట్టుకోండి. ప్రతి నెలా ఒకటో తారీఖున, ఒకే వేళకు, అదే చోట నిలబడి, అదే వైపు ఒక్క బొమ్మ తియ్యండి. తారీఖు, వేళ నోటుపుస్తకంలో రాయండి. నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి, ఇసుక ఎంత ఉన్నది, ఎక్కడైనా చెలమ తీశారా, సర్కారుతుమ్మ ఎంతవరకు వచ్చింది, చూసినది చూసినట్టే రాయండి. ఏడాదికి పన్నెండు బొమ్మలు. "మా చిన్నప్పుడు ఏరు ఇట్లా ఉండేది కాదు" అని అవ్వాతాతలు చెబుతూ ఉంటారు. ఎట్లా ఉండేదో చూపించటానికి చాలామంది దగ్గర ఒక్క బొమ్మ లేదు. రేపు మీరు పెద్దవాళ్ళై ఏటిని గురించి మాట్లాడేటప్పుడు మీ చేతిలో సాక్ష్యం ఉండాలి. ఆల్ప్స్ పర్వతాల మీద మంచుగడ్డలు ఎంత కరిగిపోయాయో శాస్త్రజ్ఞులు పాత ఫోటోలు తీసిన చోటనే మళ్ళీ ఫోటోలు తీసి లోకానికి చూపించారు. మీ పన్నెండు బొమ్మలూ ఆ కోవలోవే.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పకుండా పాటించాలి. ఏరు ఎండి ఉన్నదని నమ్మి, వానాకాలంలో ఇసుకలోకి దిగకండి. ఇక్కడ చుక్క పడకపోయినా, పైన వానకురిసి జలాశయాల గేట్లు ఎత్తితే నీరు చెప్పకుండా వస్తుంది. 2021 నవంబరులో మన జిల్లాలోనే చిత్రావతి పొంగి నడుమ చిక్కుకున్న 10 మందిని వైమానికదళం వారు హెలికాప్టరుతో కాపాడవలసి వచ్చింది. రైలు పట్టాల మీద ఫోటోలు వద్దే వద్దు. సూర్యుణ్ణి నేరుగా చూడరాదు. రెండు గుళ్ళూ పురావస్తుశాఖ రక్షణలో ఉన్నాయి. శిల్పాల మీదికి ఎక్కటం, చేత్తో రుద్దటం తప్పు. మూడుకాళ్ళ స్టాండు వాడాలంటే అనుమతి తీసుకోవాలి. గర్భగుడిలో స్వామికి నమస్కారం పెట్టండి, కెమేరా కాదు. పొలంలో అక్క కలుపు తీస్తున్నా, చెలమ దగ్గర అవ్వ నీళ్ళు తోడుకుంటున్నా, "ఫోటో తీసుకోవచ్చునా అవ్వా?" అని ముందు అడగండి. కాదంటే ఫోను జేబులో పెట్టుకోండి. సరేనంటే, తీసిన బొమ్మ ఆమెకు చూపించండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. నెలకు ఒక్క ఉదయం పిల్లలవెంట ఏటిగట్టుదాకా నడవండి. ఖరీదయిన కెమేరా కొనవలసిన పని లేదు. కర్ర, కొలబద్ద, నోటుపుస్తకం, ఇంట్లో ఉన్న ఫోను చాలు.

బాలలూ, రేపు ఎండ కాస్తే ముందు కర్ర పాతండి. మీ ఇంటి గోడల్లో ఈ నెల ఏ గోడ మీద ఎండ పడుతున్నదీ, ఏ వేళకు పడుతున్నదీ నాలుగు రోజులు చూసి రాసుకోండి. ఫోను ఐదోరోజున అడగవచ్చు.